నజీర్ అహ్మద్ పోయాడనుకోండి

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, షట్టర్లు సగం దించి వచ్చిన వన్ టౌన్ దుకాణదారులకు, బళ్ళు పక్కన పెట్టి వచ్చిన లారీ డ్రైవర్లకు, బ్రాంచి ఆఫీసు ఏజెంట్లకు, ఆనందపురం నుంచి బస్సెక్కి వచ్చిన జోగమ్మగారికి, అందరికీ నమస్కారం. సలాం.

నజీర్ అహ్మద్ పోయి వారం దాటింది. ఖననం అయిపోయింది. చుట్టాలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మనం మిగిలాం.

నేను విలేకరిని. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా వార్తలు రాశాను. వాటిలో చావు వార్తలే ఎక్కువ. సంతాప సభలకూ చాలా వెళ్ళాను. ఏ వక్త ఏమంటాడో అతను లేవకముందే రాసిపెట్టుకోవచ్చు. మృదుస్వభావి. అజాతశత్రువు. తీరని లోటు. ఈ మాటలు రాసి రాసి నాకు విసుగొచ్చింది మిత్రులారా. ఇవాళ వాటిని వాడను. పైగా అజాతశత్రువు అన్నది నజీర్ విషయంలో సగమే నిజం. ఇన్సూరెన్స్ ఏజెంటుకి శత్రువులు ఉండరు. ఎదురుపడితే సంతోషించే మిత్రులూ ఉండరు.

ఫోటోకి దండ వేయలేదేమని ఇందాక ఎవరో అడిగారు. నజీర్ కొడుకు నవీద్ వద్దన్నాడు. వాళ్ళకు ఆ అలవాటు లేదు. తెచ్చిన దండ ఆ కుర్చీ మీద ఉంది. ఉండనీయండి.

ముందు వరసలో నవీద్ ఫోను ఎత్తి పట్టుకుని కూర్చోవడం మీరంతా చూస్తున్నారు. ఆ ఫోనులో ఈ సభను వింటున్నది వాళ్ళమ్మ చాంద్ సుల్తానాగారు. భర్త పోయిన తర్వాత ముస్లిం స్త్రీ కొన్ని నెలలు ఇల్లు దాటదు. దాన్ని ఇద్దత్ అంటారు. అందుకని ఆమె ఇక్కడికి రాలేదు. ఈ హాలు వెనక సందులోనే ఆమె ఇల్లు. మొన్న నేను, మా ఆవిడ దేవిశ్రీ వెళ్ళినప్పుడు ఆమె పరదా వెనక నుంచి నన్ను ఒక్కటే అడిగారు. "అన్నయ్యా, ఆయన అందరిళ్ళలో ఒక మాట చెప్పేవోరంట కదా. నేనెప్పుడూ చివరిదాకా విన్లేదు. మీరు విన్నారు. సభలో అది చెప్పండి."

చెప్తానన్నాను. చెప్తాను. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పకపోతే అది అర్థం కాదు.

మీలో పాతవాళ్ళకు తెలుసు, నజీర్‌ది టార్పాలిన్లు కుట్టే పని. పోర్టు వైపు వెళ్ళే సందులో కొట్టు. తాత కుట్టాడు, తండ్రి కుట్టాడు, ఈయన కుట్టాడు. ఎరువుల లోడు, బొగ్గు లోడు, ఏ లోడు మీద కప్పే గుడ్డైనా చినిగితే ఆ కొట్టుకే రావాలి. తర్వాత రెడీమేడ్ ప్లాస్టిక్ షీట్లు వచ్చాయి. చినిగితే కుట్టించరు, పారేసి కొత్తది కొంటారు. యాభై రెండేళ్ళ వయసులో నజీర్ కొట్టు మూసేశాడు. అప్పటికి నవీద్ డిప్లొమాలో ఉన్నాడు, చెల్లెలు ఫాయిజా స్కూల్లో ఉంది.

ఆ వయసులో మనిషి ఏం చేస్తాడు? వాచ్‌మన్‌గా పెట్టుకోవడానికి పిలిచారు. అప్పుడే ఇదిగో, ఇక్కడున్న ఉమామహేష్ గారు, ఇన్సూరెన్స్ కంపెనీలో డెవలప్‌మెంట్ ఆఫీసరు, ఏజెంట్ల కోసం వెతుకుతున్నారు. మీకు ఊరంతా తెలుసు కదా, రండి అన్నారు. పరీక్ష కంప్యూటర్ మీద. మౌసు పట్టుకోవడం తెలియక మొదటిసారి తప్పాడు. రెండోసారి పాసయ్యాడు.

ఊరంతా తెలియడం వేరు, ఊరంతా కొనడం వేరు. త్రినాథరావు అనే లారీ డ్రైవరు ఆ రోజుల్లో టీకొట్టు దగ్గర అందరి ముందూ అన్న మాట నాకు గుర్తుంది. అదిగో, తల దించుకున్నాడు. "బావా, ఇన్నాళ్ళూ బళ్ళకి కప్పినావు. ఇప్పుడు మడుసులకి కప్పుతావేటి?" అందరూ నవ్వారు. నజీర్ కూడా నవ్వాడు. కానీ నాతో వేరే చెప్పాడు. "కొట్లో కూకుంటే మడుసులు నా దగ్గిరికొచ్చేవోరు బావా. ఇప్పుడు నాను కనబడితే సందు మారిపోతన్నారు."

సందు మారని వాళ్ళతోనూ సుఖం లేదు. ఎందుకు? ఈయన అమ్మాల్సింది మనిషి పోయాక పనికొచ్చే వస్తువు. మనిషి పోవడం అన్న మాట మన ఇళ్ళలో అనకూడదు. ఇంక ఎలా అమ్మాలి?

ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారి శ్రీరామ్మూర్తి గారింట్లో ఏం జరిగిందో ఆయన భార్య చిట్టమ్మగారే నాకు చెప్పారు. ఇవాళ సభకు వచ్చారు కూడా. ట్రైనింగులో నేర్పినట్టే నజీర్ మొదలుపెట్టాడు. రేపు మీకేదైనా అయితే, అన్నాడు. అంతే. చిట్టమ్మగారు లేచి నిలబడ్డారు. "పైన తథాస్తు దేవతలు తిరుగుతారు, తెలీదేటి సాయిబూ? నా గుమ్మంలో కూకుని నా పసుపుకుంకాల మీద మాటాడతావేటి?" ఆయన మెట్లు దిగుతుండగానే, కూర్చున్న చోట పసుపునీళ్ళు చల్లారు. నజీర్ వెనక్కి తిరిగి చూశాడు. చూసి వెళ్ళిపోయాడు.

శుభం పలకరా మంకెన్నా అన్న సామెత చెప్పి ఆ రోజు ఆఫీసులో ఆటపట్టించారట. చావు మాటెత్తకండి, పిల్లల చదువు అనండి, పెళ్ళి అనండి, లాభం అనండి అన్నారట. నజీర్ ఆ సలహా తీసుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పకుండా గుడ్డ అమ్మలేదు, ఇదెలా అమ్మను అన్నాడు.

కొన్నాళ్ళకు మళ్ళీ ఆ గుమ్మంలోకే వెళ్ళాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అన్నాడు. "మీ ఆయన మాటొద్దమ్మా. మీ ఆయన నూరేళ్ళుండాల. నా మాటే సెప్పుకుందాం. నజీర్ అహ్మద్ పోయాడనుకోండి."

మిత్రులారా, ఆ మాట అలా పుట్టింది. ఎదుటివాడి చావు అనకూడదు కాబట్టి తన చావు అన్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, వెళ్ళిన ప్రతి ఇంట్లో తనే పోయాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఇంటి ఆడమనిషి వినకుండా సంతకం తీసుకోడు. మగాడు ఒక్కడే ఉంటే, మళ్ళీ వస్తానని లేచేవాడు. పాతబస్తీ ఇళ్ళలో పరదా వెనక ఉన్నా సరే, ఆమె విని తీరాలి. ఆ మాట చెప్పాక, ఇంట్లో మిగిలే తన భార్య గురించి ఒక ప్రశ్న వేసి ఊరుకునేవాడు. అది మామూలు ఊరుకోవడం కాదు. టీ ముట్టుకునేవాడు కాదు, సంచీలో కాగితాలు కదిపేవాడు కాదు. ఇంటావిడ నోరు విప్పేదాకా అలా కూర్చునేవాడు.

ఆడవాళ్ళు ఏమనేవారో తెలుసా? తమ గురించి కాదు, చాంద్ సుల్తానా గురించి మాట్లాడేవారు. ఆవిడకి కుట్టుపని వచ్చా అని ఒకరు. పుట్టింటికి ఎల్లొద్దనండి, ఉన్న ఇల్లు వదిలితే మరి దొరకదు అని ఒకరు. చూడని మనిషి కోసం అంత ఆలోచించేవారు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఎక్కడో ఒకచోట ఆగి, మొగుడి వైపు చూసేవారు. మా ఇంట్లోనూ అదే. మా ఆవిడ, "వదినకి బ్యాంకులో ఖాతా ఉందా అన్నయ్యా?" అంది. లేదన్నాడు. మా ఆవిడ నా వైపు తిరిగి, "నాకుందా?" అంది. అందరి కష్టాలూ పేపర్లో రాసేవాణ్ణి, మర్నాడు ఆమెను బ్యాంకుకు తీసుకెళ్ళాను.

ఇక జోగమ్మగారి సంగతి. ఆమె అనుమతి తీసుకునే చెబుతున్నాను.

ఆనందపురం దగ్గర వ్యవసాయ కుటుంబం. కొడుకు ఉదయ్‌కుమార్ నగరంలో కాంట్రాక్టు వెల్డరు. కోడలు యశస్విని. నజీర్ వాళ్ళింటికి వెళ్ళి తన మాట చెప్పాడు, పోయాడనుకోండి అన్నాడు. జోగమ్మగారు అనుకోలేదు. నమ్మారు. ఆ ఊళ్ళో మనిషి తన చావు తన నోటితో చెప్పుకున్నాడంటే, డాక్టరు చెప్పేశాడనే అర్థం. ఈయన వెళ్ళాక కొడుకుతో అన్నారట. "పాపం, పోబోయే మడిసి గుమ్మంలోకొచ్చి అడిగినాడు. కాదనకురా." ఉదయ్‌కుమార్ సంతకం పెట్టాడు.

కొన్ని రోజులకు జోగమ్మగారు ఆనపకాయలు, మునగాకు సంచీలో వేసుకుని, నజీర్ బతకాలని సింహాద్రి అప్పన్నకు మొక్కిన దారం కొంగున కట్టుకుని, అడ్రసు వెతుక్కుంటూ వన్ టౌన్‌కి వచ్చారు. తలుపు తీసిన చాంద్ సుల్తానాగారిని వాటేసుకుని ఏడ్చారు. "ఎంత కట్టమొచ్చిందే అమ్మా నీకు!" ఇంటాయన తన దగ్గర ఏ రోగం దాచాడో తెలియక ఈమె హడలిపోయారు. సాయంత్రం నజీర్ ఇంటికొచ్చేసరికి ఇద్దరూ కలిసి ఆయన్ను ఆస్పత్రికి బయల్దేరదీశారు. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఇద్దరూ నమ్మలేదు.

నవ్వండి. నవ్వే విషయమే. ఇంతవరకూ.

మర్నాడు నజీర్ స్కూటరు తీశాడు. పాలసీ అయిపోయింది కదా, ఆవిడేమనుకుంటే మనకేం అని ఆఫీసులో అన్నారు. అది కుదరదన్నాడు. జాలిపడి కొన్నది కొన్నట్టు కాదన్నాడు. ఆనందపురం వెళ్ళి, నాకు ఏ రోగమూ లేదమ్మా, అది ఉదాహరణ అని చెప్పాడు. జోగమ్మగారికి కోపం వచ్చింది. రాదా మరి? "అప్పన్న కాడ నన్ను అబద్దాలకోరుని సేసినావు కదరా!" అన్నారు. అమ్మను ఏడిపించాడని కొడుక్కి ఇంకా కోపం వచ్చింది. పాలసీ బాండు చేతికొచ్చాక వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయడానికి కొంత గడువు ఉంటుంది. ఉదయ్‌కుమార్ ఇచ్చేశాడు. ఎలా ఇవ్వాలో చెప్పిందీ నజీరే.

మరుసటి ఏడు వానాకాలంలో డ్యూటీ నుంచి వస్తూ ఉదయ్‌కుమార్ హైవే మీద బైకు జారి పడి చనిపోయాడు. ఆ వార్త రాసింది నేను. నాలుగు లైన్లు. నాకు అతనెవరో తెలియదు. పొద్దున్నే నజీర్ ఫోను చేశాడు. "బావా, ఆ ఆనందపురం కుర్రోడు పేరు సరిగ్గానే రాసినావా?" సరిగ్గానే రాశానన్నాను. ఫోను పెట్టేశాడు.

తన పాలసీదారు ఎవరు పోయినా ఆ ఇంటికి ముందు వెళ్ళేది ఆయనే. కర్మకాండ అయ్యేదాకా కాగితం మాట ఎత్తడు. అయ్యాక తనే కాగితాలతో వెళ్ళి పని పూర్తి చేస్తాడు. ఉదయ్‌కుమార్ ఇంటికీ వెళ్ళాడు. అక్కడ పూర్తి చేయడానికి ఏ పనీ లేదు. షామియానా కింద చివరి కుర్చీలో సాయంత్రం దాకా కూర్చుని వచ్చేశాడు.

తర్వాత పని మానేశాడు. ఎవరింటికీ వెళ్ళలేదు. ఎవరిదో గోడౌన్లో కూర్చుని పాత టార్పాలిన్లకు మాట్లు వేశాడు. ఒకరోజు అక్కడికి వెళ్ళి అడిగాను. ఆ రోజు నువ్వు చెప్పకుండా ఊరుకుంటే యశస్వినికి డబ్బు వచ్చేది కదా అన్నాను. "ఒచ్చేది," అన్నాడు. మరి చెప్పడం తప్పా అన్నాను. సూది ఆపాడు. "తెలీదు బావా. రోజూ అదే ఆలోసిత్తన్నాను."

ఆ తర్వాత కూడా అడిగాను, కొన్నేళ్ళు పోయాక. అదే జవాబు. నాకూ తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే సభ అయ్యాక చెప్పండి.

ఆయన్ను మళ్ళీ పనిలోకి దింపింది నేను కాదు, ఆఫీసు కాదు. జోగమ్మగారు. కోడల్ని వెంటబెట్టుకుని ఆ గోడౌనుకు వచ్చారు. "పని మానేసినావంట. ఎందుకురా? నువ్వు నిజం సెప్పినావు. మాకే పౌరుషం ఎక్కువైపోనాది. లే. మా ఊళ్ళో ఇంకా కుర్రోళ్ళున్నారు." లేపడమే కాదు, వెంట వెళ్ళారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నజీర్ తన మాట చెబుతుంటే, పక్కన కూర్చున్న జోగమ్మగారు చివర్లో ఒక్క ముక్క కలిపేవారు. "అనుకోడం నేర్సుకోండి. మేం నేర్సుకోనేదు."

ఆమె అలా అన్న ఇళ్ళలో ఎవరూ పసుపునీళ్ళు చల్లలేదు.

యశస్విని ఇప్పుడు ఏజెంటు. నీలం చీరలో, ఏజెంట్ల వరసలో చివర కూర్చుంది. మౌసు పట్టుకోవడం తన దగ్గరే నేర్చుకుందని నజీర్ అందరికీ చెప్పేవాడు. ఆ అమ్మాయికి కంప్యూటరు ముందే వచ్చు. అయినా ఆయన్ను ఎప్పుడూ కాదనలేదు.

ఆయన ఎలా పోయాడో మీకు తెలుసు. గోపాలపట్నంలో ఒక అపార్ట్‌మెంటు. లిఫ్ట్ పనిచేయడం లేదు. భర్త పోయిన ఒకావిడకు క్లెయిము కాగితాలు ఇవ్వడానికి వెళ్తున్నాడు. ఆయాసం వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. కాగితాలు సంచీలో ఉన్నాయి. వాటిని యశస్విని ఆ ఇంటికి చేర్చింది.

ఇక మీరంతా నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతున్న ప్రశ్న. ఇంతమందికి చేసిన మనిషి తనకు చేసుకున్నాడా? విలేకరిని కదా, ఆఫీసులో కనుక్కున్నాను. చేసుకున్నాడు. చిట్టమ్మగారి గుమ్మంలోకి రెండోసారి వెళ్ళకముందే తన పేర తీసుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి తన చావు చెప్పబోతున్నాడు. ఆ చెప్పేదాంట్లో అబద్ధం ఉండకూడదని ఆయన లెక్క. చాంద్ సుల్తానాగారూ, దాని పని చూడడానికి, ఆయన పద్ధతిలోనే, మీ ఇంటి దినాలు గడిచాక యశస్విని వస్తుంది. అప్పటిదాకా ఎవరూ మీతో కాగితం మాట ఎత్తరు.

అమ్మా, ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాను.

ఊళ్ళో అందరి దగ్గరా అన్న మాట ఆయన మీ దగ్గర అనలేకపోయారు. కొత్తలో మీ ముందే కూర్చుని ప్రాక్టీసు చేయబోయారట. పోయాడనుకో అనగానే మీరు 'అల్లా న కరే' అని, ఆ దేవుడు అలా చేయకూడదని, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేవారట. నీళ్ళ చప్పుడులో మాట వినపడేది కాదు. ఆయన నవ్వుతూ నాతో చెప్పేవారు. "ఊరంతా ఇంటాది బావా. ఇంట్లోదే ఇనదు."

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆయన చెప్పినట్టే చెబుతాను. ఇదీ ఆ మాట.

"నజీర్ అహ్మద్ పోయాడనుకోండి. మంచోడో సెడ్డోడో, పోనాడు. వచ్చినోళ్ళు ఏడిసినారు, తిన్నారు, ఎల్లిపోనారు. ఓ రోజు పొద్దుట గ్యాసు బండోడు వచ్చినాడు. ఆడికి తెలీదు. గుమ్మంలో నిలబడి, సాయిబుగారు లేరేటమ్మా అన్నాడు. లోపల చాంద్ సుల్తానా ఒక్కర్తే ఉంది. పరదా పట్టుకుని నిలబడింది. ఆడికి ఏదో ఒకటి సెప్పాల. ఆ తరవాత ఆ రోజు గడపాల. ఇప్పుడు సెప్పండమ్మా. చాంద్ సుల్తానా ఏటి సేత్తాది?"

అంతే అమ్మా. దాని తర్వాత మాటలు లేవు. ఊరుకునేవారు.

కానీ మీకు తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. మీకు కుట్టుపని వచ్చా అని అడిగినావిడ ఉన్నారు. ఇల్లు వదలొద్దు అన్నావిడ ఉన్నారు. చిట్టమ్మగారు ఉన్నారు. మా ఆవిడ ఉంది. తొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఆడవాళ్ళు మీకేమవుతుందోనని, మీరు ఏం చేయాలోనని ఆలోచిస్తూ ఉన్నారు. వాళ్ళలో చాలామంది మిమ్మల్ని చూడనే లేదు. మీరు గుమ్మం దాటి రాకూడదు. వాళ్ళు రావచ్చు. సభ అయ్యాక వస్తారు. తలుపు గడియ తీసి ఉంచండి.

మిత్రులారా, ఇక నేను చెప్పేది లేదు. అందరూ లేవండి. మామూలుగా ఇలాంటి చోట రెండు నిమిషాలంటారు. నేను వాచీ చూడను. ఆయన చూసేవాడు కాదు. ప్రశ్న వేసి, ఇంటావిడ మాట్లాడేదాకా ఆగేవాడు. మనమూ అలాగే నిలబడదాం.

నవీద్, ఆ ఫోను మైకు దగ్గర పెట్టు బాబూ.

అమ్మా, మేం నిలబడ్డాం. మీరు మాట్లాడేదాకా ఎవరం కూర్చోం.